విదేశీ కోడలు, విదేశీ అల్లుడు ఉన్న ఇళ్లకు ప్రభుత్వ పథకాలు: శ్రీకాకుళం జిల్లా కుటుంబాల తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్దానం పల్లెల నుంచి వెల్డింగ్, ఫిట్టర్, రిగ్గింగ్ పనులకు మలేషియా, సింగపూర్, గల్ఫ్ దేశాలకు వలస పోవడం మనకు కొత్త కాదు. అలా వెళ్లిన కుర్రాళ్లలో కొందరు అక్కడే ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ అమ్మాయిలను పెళ్లాడి, పని అయిపోయాక భార్యాపిల్లలతో ఊరికి వచ్చేస్తున్నారు. ఇటు మన ఆడపిల్లలను చేసుకున్న నేపాలీ అల్లుళ్లూ ఉన్నారు. వీళ్లలో చాలామందివి రోజు కూలీ మీద నడిచే ఇళ్లు. సచివాలయం మెట్లెక్కితే "ఫారినరు కదా, మీకేం రాదు" అంటారు. చాలాసార్లు ఆ మాట తప్పు. కొన్నిసార్లు సగమే నిజం. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు కుటుంబాలు మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్నలకు తెలిసినంతలో స్పష్టంగా జవాబులు రాశాం. విజయనగరం జిల్లా వాళ్లకూ ఇవే నిబంధనలు.

కోడలు విదేశీయురాలైతే ఇంటికి పథకాలన్నీ ఆగిపోతాయా?

ఆగవు. పథకం ఎవరి పేరున ఉందో వారి అర్హతే చూస్తారు. భర్త, అత్తమామలు, భారత పౌరులైన పిల్లలు తమ హక్కులతో తామున్నట్టే. మామగారి పింఛను, పిల్లల బడి డబ్బులు, ఇంటి బియ్యం, రైతు సాయం ఏవీ కోడలి పాస్‌పోర్టు రంగును బట్టి మారవు. ఆమె సొంతంగా పొందవలసిన వాటిలోనే కొన్ని వెంటనే రావు. ఇంటి మొత్తానికి "లేదు" అని ఎవరైనా అంటే, ఏ పథకం, ఏ నిబంధన అని అడిగి కాగితం మీద రాయించుకోండి.

మా ఆవిడ పేరు రైస్ కార్డులో ఎక్కిస్తారేటి?

రేషన్ భారత పౌరులకు ఉద్దేశించినది. పౌరసత్వం వచ్చేదాకా ఆమెను సభ్యురాలిగా చేర్చరు. మనిషికి నెలకు 5 కిలోల బియ్యం లెక్కలో ఆ 5 కిలోలూ తగ్గుతాయి, అంతే. కార్డు మాత్రం నిలుస్తుంది. నెలసరి ఆదాయం పల్లెలో 10,000, పట్టణంలో 12,000 రూపాయల లోపు ఉండాలి. మాగాణి 3 ఎకరాలు గానీ, మెట్ట 10 ఎకరాలు గానీ దాటకూడదు. కరెంటు నెలకు 300 యూనిట్లు మించకూడదు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్ కాకుండా నాలుగు చక్రాల బండి ఉండకూడదు. భర్త ఇంకా విదేశంలో జీతం తీసుకుంటుంటే అదీ ఆదాయమే. దాన్ని దాచి కార్డు పెట్టుకోమని మేం చెప్పం.

పిల్లల పేర్లు మాత్రం తప్పకుండా చేర్పించండి. తల్లి పేరు కార్డులో లేదని బిడ్డ పేరు ఆపే నిబంధన లేదు. బిడ్డ ఆధార్, జనన ధ్రువపత్రం పట్టుకెళ్తే చాలు.

బ్రోకరు డబ్బులిస్తే ఇక్కడి అమ్మాయేనని ఆధార్, ఓటరు కార్డు తీసి ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా?

వద్దు. ఈ పేజీలో మిగతాదంతా మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి. పౌరురాలు కాని మనిషి పౌరురాలినని సంతకం పెట్టి ఓటరు జాబితాలో చేరడం నేరం. ఏడేళ్లు ఓపిక పట్టి పౌరసత్వానికి దరఖాస్తు పెట్టినప్పుడు పోలీసు విచారణలో ఈ పాత కార్డులన్నీ బయటికొస్తాయి. అప్పుడు నిజమైన అర్హత కూడా గంగలో కలుస్తుంది. తీసి ఇచ్చిన బ్రోకరు అప్పుడు పక్కన నిలబడడు. నాలుగు కిలోల బియ్యానికో, బస్సు టిక్కెట్టుకో ఆశపడి భార్య భవిష్యత్తును తాకట్టు పెట్టకండి.

మరి దొంగతనం లేకుండా ఆధార్ రాదా?

వస్తుంది. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదు. అది నివాసులకు ఇచ్చేది. దరఖాస్తుకు ముందు 12 నెలల్లో 182 రోజులు, అంతకంటే ఎక్కువ ఇక్కడ ఉన్న విదేశీయులు అడగవచ్చు. చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు, వీసా, ఈ-మెయిల్ కావాలి. విదేశీయులకు వేరే దరఖాస్తు ఫారం ఉంటుంది. ఆధార్ కేంద్రంలో మామూలు ఫారం చేతికిస్తే అడిగి మార్పించుకోండి. వీసా ఉన్నంతకాలమే ఆ ఆధార్ చెల్లుతుంది. ఓసీఐ కార్డు (వీసా పొడిగింపులు లేకుండా ఇక్కడ ఉండేందుకు విదేశీ పౌరులకు కేంద్రం ఇచ్చే కార్డు) ఉన్నవారికి, నేపాల్, భూటాన్ పౌరులకు పదేళ్లు. ఈ ఆధార్ చేతిలో ఉంటే బ్యాంకు ఖాతా, ఫోన్ సిమ్ పనులు చాలా తేలికవుతాయి.

పుట్టబోయే బిడ్డ భారత పౌరుడేనా?

ఇక్కడ కాస్త ఆగి చదవండి. ఇంటికి వచ్చే పథకాల్లో సగానికి పునాది ఇదే.

2004 డిసెంబరు 3న, ఆ తర్వాత భారతదేశంలో పుట్టిన బిడ్డకు పుట్టుకతో పౌరసత్వం రావాలంటే తల్లిదండ్రులిద్దరూ పౌరులైనా కావాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు బిడ్డ పుట్టిన రోజుకు "అక్రమ వలసదారు" కాకుండా ఉండాలి. దొంగదారిన వచ్చినవారే అక్రమ వలసదారులని చాలామంది అనుకుంటారు. చట్టం అంతటితో ఆగదు. సరైన వీసా మీద వచ్చి, గడువు దాటినా ఉండిపోయినవారూ ఆ మాట కిందికే వస్తారు. అంటే కాన్పు నాటికి తల్లి వీసా చెల్లుబాటులో లేకపోతే, తండ్రి ఉద్దానంలో పుట్టి పెరిగినవాడైనా, ఆ బిడ్డ పౌరసత్వం చిక్కులో పడుతుంది. ఆ చిక్కు బడిలో, కుల ధ్రువపత్రంలో, పాస్‌పోర్టులో, రేపు ఉద్యోగంలో వెంటాడుతుంది.

అందుకే నెల తప్పిందని తెలిసిన రోజే వీసా గడువు తేదీ చూడండి. ఏడో నెలలో గడువు ముగిసేలా ఉంటే ఇప్పుడే పొడిగింపుకు పెట్టండి. కాన్పు తేదీ నాటి వీసా పేజీ ఫొటోకాపీని బిడ్డ జనన ధ్రువపత్రంతో కలిపి ఎప్పటికీ దాచండి. ఇరవై ఏళ్ల తర్వాత కూడా అడగవచ్చు.

వీసా గడువు దాటిపోయింది. భయపడి ఎవరికీ చెప్పలేదు.

ఇంకా ఆలస్యం చేయకండి. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం ప్రకారం గడువు దాటి ఉంటే మూడేళ్ల వరకు జైలు, 3 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అయినా దొరికిపోయిన మనిషికీ, తనంతట తాను వచ్చి దరఖాస్తు పెట్టుకున్న మనిషికీ తేడా ఉంటుంది. విదేశీయుల వీసా, నమోదు పనులు చూసే ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో పొడిగింపుకు పెట్టి, అదే రోజు జిల్లా పోలీసు సూపరింటెండెంటు కార్యాలయంలో విదేశీయుల నమోదు చూసే విభాగంలో కలవండి. వెళ్లేటప్పుడు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చే ఉచిత న్యాయవాదిని వెంటబెట్టుకోవడం మంచిది. 180 రోజులకు మించిన వీసా మీద వచ్చినవారు వచ్చిన 14 రోజుల్లోపు నమోదు చేసుకోవాలన్న నియమం మన ఇళ్లలో చాలామందికి తెలియదు. నమోదు కాగితం ఉందో లేదో ఈ రోజే వెతకండి.

కాన్పు ప్రభుత్వాసుపత్రిలో ఉచితమేనా? అంగన్‌వాడీలో గుడ్లు, పాలు ఇస్తారా?

రెండూ అడగండి. ప్రభుత్వాసుపత్రికి వచ్చిన గర్భిణికి కాన్పు, ఆపరేషన్ అయినా సరే, మందులు, పరీక్షలు, భోజనం, రానూపోనూ వాహనం ఉచితంగా ఇవ్వాలన్నది జననీ శిశు సురక్షా కార్యక్రమం. 2013 నాటి ఆహార భద్రత చట్టం నాలుగో సెక్షను "ప్రతి గర్భిణి, ప్రతి బాలింత" అంటుంది. రేషన్ కార్డు ఉన్న గర్భిణి అనలేదు.

అసలు ఇబ్బంది ఫోనుతో వస్తుంది. ఇప్పుడు అంగన్‌వాడీలో సరుకు ఇచ్చేముందు తల్లి ముఖాన్ని యాప్‌లో చూపించాలి. ఆధార్ లేని తల్లి ముఖం యాప్‌లో ఉండదు. టీచరు ఫోను పైకీ కిందికీ పట్టుకుని చూస్తుంది. ఆ అమ్మాయికి తెలుగు రాదు, చీర కొంగు సర్దుకుని నవ్వడానికి ప్రయత్నిస్తుంది. వెనక వరుసలో నలుగురు నిలబడి ఉంటారు. టీచరు మీద కేకలేస్తే లాభం లేదు. ఆమె చేతిలో ఉన్నది ఆ యాప్ ఒక్కటే. ఆధార్ నమోదు రసీదు, పాస్‌పోర్టు కాపీ ఇచ్చి రిజిస్టరులో పేరు రాయించండి. కుదరకపోతే సూపర్‌వైజరుకు, అక్కడా కాకపోతే ప్రాజెక్టు కార్యాలయంలో సీడీపీఓకు (అంగన్‌వాడీల మీద అధికారి) అర్జీ పెట్టండి. తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు చాలు. బిడ్డ ఆరు నెలలు దాటాక బిడ్డకు వచ్చే ఆహారం బిడ్డ హక్కు. తల్లి కాగితాలతో దానికి పని లేదు.

జనన ధ్రువపత్రంలో తల్లి పేరు "లక్ష్మి" అని పడింది. పాస్‌పోర్టులో వేరే పేరుంది.

ఇది మేం తరచూ చూసే చిక్కు. కొత్త కోడలి పేరు నోరు తిరగక అత్తగారు ముద్దుగా లక్ష్మి అనో, దుర్గ అనో పిలుస్తుంది. ఊరంతా అదే అంటుంది. కాన్పు వార్డులో నర్సు "తల్లి పేరేంటమ్మా" అనగానే నాయనమ్మ ఆ పేరే చెబుతుంది. అది ఆమె ప్రేమ. కాగితం దృష్టిలో మాత్రం ఆ లక్ష్మి అనే మనిషి ఈ లోకంలో లేదు. బిడ్డ తల్లి ఎవరన్న ప్రశ్న మొదలవుతుంది.

కాన్పుకు వెళ్లేటప్పుడే పాస్‌పోర్టు మొదటి పేజీ జిరాక్సు సంచిలో పెట్టుకోండి. కేస్‌షీటులో, డిశ్చార్జి చీటీలో, జనన నమోదులో అక్షరం పొల్లుపోకుండా అదే పేరు రాయించండి. ఇండోనేషియా వాళ్లలో కొందరికి ఒకే పేరు ఉంటుంది, ఇంటిపేరు ఉండదు. గడి ఖాళీగా ఉందని భర్త ఇంటిపేరు తగిలించనివ్వకండి. జననం 21 రోజుల్లోపు నమోదు కావాలి.

ఇప్పటికే తప్పు పడితే, నమోదు చేసిన రిజిస్ట్రారుకు (పల్లెలో అయితే పంచాయతీ కార్యదర్శి, పట్టణంలో మున్సిపాలిటీ) దిద్దుబాటు కోరుతూ అర్జీ పెట్టండి. పాస్‌పోర్టు, పెళ్లి ధ్రువపత్రం, అఫిడవిట్, విషయం తెలిసిన ఇద్దరి సాక్ష్యం జతచేయండి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవారికి బడిలో చేరడం నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి ఈ పత్రమే ఆధారం. కనుక "తర్వాత చూద్దాం" అనుకోకండి.

పిల్లలు మలేషియాలో పుట్టారు. ఇక్కడి బడిలో చేర్చాం.

బడికి ఇబ్బంది లేదు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలెవరినైనా చేర్చుకోవాలి. పౌరసత్వం వేరే సంగతి. 2004 డిసెంబరు 3 తర్వాత విదేశంలో పుట్టిన బిడ్డకు తండ్రి లేదా తల్లి భారతీయులైతే వంశక్రమంగా పౌరసత్వం వస్తుంది. కానీ పుట్టిన ఏడాదిలోపు అక్కడి భారత రాయబార కార్యాలయంలో నమోదు చేయాలి, బిడ్డకు వేరే దేశం పాస్‌పోర్టు లేదని రాసివ్వాలి. ఏడాది దాటితే కేంద్రం అనుమతితో నమోదు చేయవచ్చు. ఈ పని ఊరికి రాకముందే అక్కడ ముగించుకోవడం ఎంతో సులువు. ఇంకా విదేశంలో ఉన్న మీ బంధువులకు ఈ ఒక్క మాటైనా వాట్సాప్‌లో పంపండి.

తల్లికి వందనం డబ్బులు తల్లి ఖాతాలో వేస్తారు. తల్లికి ఖాతానే లేదు.

2025 జూన్‌లో మొదలైన ఈ పథకంలో ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే ప్రతి బిడ్డకూ 15,000 లెక్కన మంజూరై, బడి నిర్వహణకు 2,000 పోగా 13,000 చేతికి వస్తుంది. 75 శాతం హాజరు ఉండాలి. సచివాలయంలో "హౌస్‌హోల్డ్ మ్యాపింగ్" అనే కుటుంబ వివరాల జాబితా ఉంటుంది. అందులో బిడ్డ పక్కన తల్లి గడి ఖాళీగా ఉంటే సొమ్ము ఎటూ పోదు, ఆగిపోతుంది. అర్హుల జాబితా రాకముందే వెళ్లి తల్లి ఆధార్ ఉంటే చేర్పించండి, లేకపోతే తండ్రిని సంరక్షకుడిగా చూపమని రాతపూర్వకంగా అడగండి. ఎవరి ఖాతా అయినా ఆధార్‌తో, ఎన్‌పీసీఐతో (ప్రభుత్వ సొమ్మును ఖాతాలకు చేరవేసే చెల్లింపుల సంస్థ) అనుసంధానమై ఉండాలి. పేరు రాకపోతే అభ్యంతరాల గడువులోనే అర్జీ పెట్టండి.

మా గుంటడికి కుల ధ్రువపత్రం వస్తాదా? తల్లికి కులమే లేదంటున్నారు.

తండ్రిది కాళింగ అయినా, తూర్పు కాపు అయినా, జాలరి అయినా, దళిత కుటుంబమైనా బిడ్డ తండ్రి కులంలో పెరుగుతున్నట్టే మామూలుగా చూస్తారు. తండ్రి, తాతల పత్రాలు తీసుకెళ్లండి. తల్లికి మాత్రం పెళ్లి వల్ల భర్త కులం రాదు. సుప్రీంకోర్టు 1996లోనే ఈ సంగతి తేల్చింది. కాబట్టి ఆమె పేరున రిజర్వేషన్ పత్రం అడగవద్దు.

ఉచిత బస్సు, గ్యాస్ సిలిండర్లు?

స్త్రీ శక్తి ఉచిత ప్రయాణం 2025 ఆగస్టు 15న మొదలైంది. రాష్ట్ర నివాసినని చూపే గుర్తింపు కార్డు అడుగుతారు. ఇక్కడి చిరునామాతో ఉన్న ఆధార్ వచ్చేదాకా టిక్కెట్టు కొనడమే గౌరవం. దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్ల సబ్సిడీ గ్యాస్ కనెక్షన్, రైస్ కార్డు ఉన్న ఇంటికి వస్తుంది. అత్తగారి పేరున కనెక్షన్ ఉంటే చాలు. ఈ పథకం 2024 నవంబరు 1న మన ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలోనే మొదలైంది.

నాకు డయాలసిస్ జరుగుతోంది. భార్య విదేశీయురాలని పింఛను ఆపుతారా?

ఆపలేరు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఈ ప్రశ్న ఇంత తరచుగా వినవలసి రావడమే బాధ. డయాలసిస్ రోగికి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 10,000 వస్తుంది. అది రోగి జబ్బును బట్టి, రోగి పౌరసత్వాన్ని బట్టి వస్తుంది. పలాస, సోంపేట, కవిటి డయాలసిస్ కేంద్రాల్లో వైద్యానికీ అదే వర్తిస్తుంది. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవలో భార్యకు సొంతంగా చికిత్స కావాలంటే కుటుంబ వివరాల్లో ఆమె పేరు ఉండాలి, అది లేనంతకాలం కష్టమే. పీహెచ్‌సీలో, జిల్లా ఆసుపత్రిలో మామూలు వైద్యానికి మాత్రం ఎవరూ కార్డు లేదని వెనక్కి పంపకూడదు.

అరసవల్లిలో దండలు మార్చుకున్నాం. అది చాలదా?

దేవుడి ముందు చాలుతుంది, కార్యాలయంలో చాలదు. అమ్మాయి హిందువు కాకపోతే హిందూ వివాహ చట్టం కింద నమోదు కుదరదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద సబ్ రిజిస్ట్రారు దగ్గర 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో అప్పటికే 30 రోజులు ఉండాలి, ముగ్గురు సాక్షులు కావాలి. ఇప్పటికే జరిగిన పెళ్లినీ ఆ చట్టంలోనే నమోదు చేయవచ్చు, నమోదు నాటికి ఇద్దరికీ 21 ఏళ్లు నిండాలి. పెళ్లి కాలేదని చూపే పత్రం ఆమె దేశ రాయబార కార్యాలయం నుంచి తెప్పించాలి. పెళ్లి విదేశంలోనే జరిగి ఉంటే అక్కడి ధ్రువపత్రం మీద అపోస్టిల్ ముద్ర (పత్రం అసలైనదేనని ఆ దేశ ప్రభుత్వం వేసే ముద్ర), ఆ పద్ధతి లేని దేశమైతే అక్కడి భారత రాయబార కార్యాలయం ధ్రువీకరణ వేయించి తెచ్చుకోండి. లేకపోతే ఇక్కడికి వచ్చాక దాని కోసం మళ్లీ విమానం ఎక్కాల్సి రావచ్చు.

ఓసీఐ తీసుకోవాలా, పౌరసత్వానికి ఆగాలా?

రెండింటికీ పెళ్లి నమోదే మొదటి మెట్టు. నమోదైన పెళ్లి రెండేళ్లు నిలిచాక ఓసీఐకి అర్హత వస్తుంది. పాకిస్తాన్, బంగ్లాదేశ్ మూలాలున్నవారికి ఇది లేదు. ఓసీఐ వస్తే వీసా పొడిగింపుల బెడద పోతుంది, పని చేసుకోవచ్చు. ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనకూడదు, సంక్షేమ పథకాల్లో పౌరురాలిగా లెక్కించరు. పేద కుటుంబానికి దాని రుసుమూ బరువే.

పౌరసత్వానికి ఏడేళ్లు. లెక్క ఇలా చూస్తారు: దరఖాస్తుకు ముందు 12 నెలలు తెంపు లేకుండా ఇక్కడే ఉండాలి, అంతకు ముందు ఎనిమిదేళ్లలో మొత్తం మీద ఆరేళ్లు ఉండాలి. ఆ చివరి ఏడాదిలో పుట్టింటి ప్రయాణం పెట్టుకోకండి. 30 రోజులకు మించని విరామాన్ని, అదీ ప్రత్యేక పరిస్థితుల్లోనే, కేంద్రం మన్నించగలదు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టి కలెక్టరేట్‌లో అందజేయాలి. దరఖాస్తు ఆమోదించామని కేంద్రం తెలిపాక, పౌరసత్వ ధ్రువపత్రం చేతికి వచ్చేముందు పాత దేశపు పౌరసత్వం వదులుకోవాలి. మా అభిప్రాయం అడిగితే, ఇక్కడే స్థిరపడిన పేద ఇంటికి పౌరసత్వమే మేలు. రేషన్, పింఛను, ఓటు అన్నీ దానితోనే వస్తాయి. కాకపోతే ఆ నిర్ణయం భర్తది కాదు. పుట్టిన దేశాన్ని వదులుకునేది ఆమె. కన్నవాళ్లు అక్కడ బతికున్న అమ్మాయిని ఈ విషయంలో తొందరపెట్టవద్దని అత్తమామలను వేడుకుంటున్నాం.

మా అమ్మాయి నేపాల్ అబ్బాయిని చేసుకుంది. తన పింఛను, కార్డు పోతాయా?

పోవు. విదేశీయుణ్ణి పెళ్లాడినంత మాత్రాన భారతీయురాలి పౌరసత్వం పోదు. తనంతట తాను వేరే దేశపు పౌరసత్వం తీసుకుంటేనే పోతుంది. కార్డు ఆమె పేరున, పిల్లల పేర్లతో ఉంటుంది. నేపాల్ పౌరులకు ఇక్కడ ఉండడానికి వీసా అక్కర్లేదు, 1950 నాటి ఒప్పందం ఉంది. కాబట్టి పిల్లల పౌరసత్వానికీ వీసా చిక్కు రాదు. అల్లుడి నేపాలీ పౌరసత్వ పత్రం అసలు ప్రతి మాత్రం భద్రంగా ఉంచండి. కూలి పనులకు తిరిగేవారి దగ్గర అదే ముందు పోతుంది.

పొలం, వేట సాయం సంగతేంటి?

అన్నదాత సుఖీభవ పట్టాదారుకు, వేట నిషేధకాలపు 20,000 మత్స్యకారుడికి వస్తాయి. భార్య ఎవరన్నది ఆ దరఖాస్తుల్లో ప్రశ్నే కాదు. ఇళ్ల పట్టా మాత్రం సాధారణంగా ఇంటి ఆడమనిషి పేరున ఇస్తారు. కోడలి పేరు కుదరదు గనుక అత్తగారి పేరునో, భర్త పేరునో ఇవ్వమని దరఖాస్తులోనే కారణం రాయండి.

భర్త చనిపోయాడు. లేదా కొట్టి తరిమేశాడు. ఆమె ఎక్కడికి పోవాలి?

వెనక్కి పంపేస్తామని బెదిరించి నోరు మూయించే ఇళ్లున్నాయి. అమ్మా, మీరు ఏ దేశం నుంచి వచ్చినా గృహహింస చట్టం "ఏ స్త్రీ" అయినా అంటుంది. 181కి ఫోన్ చేయవచ్చు. ఉచిత న్యాయ సహాయం స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా వస్తుంది. 15100కి చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు కలుపుతారు. పాస్‌పోర్టు అత్తమామలు దాచేస్తే ఆ సంగతి ఫిర్యాదులో మొదటి వాక్యంగా రాయించండి. విడాకులు మంజూరైతే పెళ్లి ఆధారంగా వచ్చిన ఓసీఐ రద్దవుతుంది. కనుక ఏ కాగితం మీదా న్యాయవాది చదివి చెప్పేదాకా వేలిముద్ర గానీ సంతకం గానీ వేయకండి. భర్త చనిపోతే వితంతు పింఛను 4,000 అడిగేందుకు పౌరసత్వం కావాలి. పిల్లల పేరు మీద వచ్చేవి మాత్రం ఆగవు. నాయనమ్మనో, తల్లినో సంరక్షకురాలిగా చూపి వెంటనే మార్పించండి.

ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి?

వీసా, నమోదు పనులు పోలీసు సూపరింటెండెంటు కార్యాలయంలో. పథకాలు గ్రామ, వార్డు సచివాలయంలో. అక్కడ అర్జీ ఇచ్చినప్పుడు నంబరు ఉన్న రసీదు లేకుండా తిరిగి రాకండి. జవాబు రాకపోతే ఎంపీడీఓ, తహసీల్దారు. అదీ కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదికకు రండి, లేదా 1100కి ఫోన్ చేయండి. కవిటి నుంచి శ్రీకాకుళం రావడమంటే ఒక రోజు కూలి పోయినట్టే. అందుకే పాస్‌పోర్టు, వీసా, నమోదు కాగితం, పెళ్లి ధ్రువపత్రం, పిల్లల జనన పత్రాలు, భర్త ఆధార్, రైస్ కార్డు అన్నీ రెండేసి జిరాక్సులు ముందురోజే తీయించి ఒకే కవరులో పెట్టుకోండి. అసలు ప్రతులు చూపించండి గానీ ఎవరి చేతికీ ఇచ్చి రాకండి.